కలప చట్రం, ఇన్సులేటెడ్ ప్యానెల్ ఇళ్లలో బయటి గోడ వెనుక ఎంత సందు వదలాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము రెండంతస్తుల ఇల్లు కట్టుకునే ప్రయత్నంలో ఉన్నాం. బరువు మోసే లోపలి గోడను కలప చట్రంతో కట్టాలా, లేక రెండు ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో నొక్కి చేసే) పలకల నడుమ గట్టి నురుగు నింపి కర్మాగారంలోనే సిద్ధం చేసే ఇన్సులేటెడ్ ప్యానెళ్లతో కట్టాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. బయటివైపు మాత్రం కింది అంతస్తుకు ఇటుక గోడ, పై అంతస్తుకు అడ్డంగా పరిచే చెక్క పలకల తాపడం అని నిశ్చయించుకున్నాం.

నా సందేహమంతా ఈ లోపలి గోడకూ బయటి పొరకూ మధ్య వదలవలసిన ఖాళీ గురించే. ఒక నమూనా పటంలో ఇటుక వెనుక 50 మి.మీ., చెక్క పలకల వెనుక 25 మి.మీ. సందు చూపించారు. అదే పటంలో గది లోపలివైపు, జిప్సం బోర్డు వెనుక మరో 25 మి.మీ. సందు ఉంది. ఇంకొక పటంలో లోపలి సందు అసలు లేదు, ఇటుక వెనుక సందు కూడా 25 మి.మీ. మాత్రమే. ప్యానెళ్లు అమ్మేవారిని అడిగితే, కలప చట్రం బోలుగా ఉంటుంది కాబట్టి దానికి గాలి కావాలి గానీ ప్యానెల్ నిండుగా ఉంటుంది కాబట్టి పలుచని పొర ఒకటి చుట్టి పలకలను దాని మీదే నేరుగా బిగించవచ్చు అన్నారు. తెలిసిన మేస్త్రీ ఒకరు 50 మి.మీ. చోటును ఖాళీగా వదిలేయడం దండగ, అందులో ఇన్సులేషన్ కూరితే ఇల్లు ఇంకా వెచ్చగా ఉంటుంది అంటున్నారు.

అసలు ఈ సందు ఏ పని చేస్తుంది, ఇటుకకూ చెక్కకూ కొలత ఎందుకు మారుతుంది, ప్యానెల్ ఇంటికి మినహాయింపు నిజంగా ఉందా, సందులో ఇన్సులేషన్ నింపవచ్చా అన్నవి తెలిసినవారు కారణాలతో సహా వివరిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు. గోడ ఒకసారి మూసుకున్నాక లోపల ఏం జరుగుతోందో చూసే వీలుండదు కనుక పని మొదలుకాకముందే అడుగుతున్నాను.

జవాబు 1

ముందుగా ఒక చిక్కు విప్పుకుంటే మిగిలినది సులువవుతుంది. మీ పటంలోని రెండు సందులనూ కావిటీ అనే పిలుస్తారు గానీ వాటి పనులు వేరు. జిప్సం బోర్డు వెనుక ఉన్నది తీగలూ గొట్టాలూ నడపడానికి. గదిలోని ఆవిరి గోడలోకి చొరబడకుండా ఆపే పొరకు కన్నాలు పడకూడదు కాబట్టి, స్విచ్ పెట్టెలు ఆ పొరకు ముందే ఇమిడేలా కొంత చోటు వదులుతారు. అందులో గాలి ఆడనక్కరలేదు. ఆ సందు లోతు ఎంత అన్నది పెట్టెల లోతును బట్టి మీరు నిర్ణయించుకునే విషయం. మీరు అడిగింది బయటి సందు గురించి కాబట్టి ఇక దాని సంగతే చెబుతాను.

ఇటుక గోడ వానను పూర్తిగా ఆపలేదు. ఈదురుగాలితో గంటల తరబడి వాన కొట్టినప్పుడు, ఇటుకకూ మాలుకూ మధ్య ఉండే సన్నని నెర్రెల గుండా నీరు గోడ వెనుక ముఖానికి చేరి అక్కడి నుంచి కిందికి జారుతుంది. చెక్క పలకల తాపడంలోనూ అతుకుల దగ్గర, మేకుల దగ్గర, కిటికీ మూలల దగ్గర ఎంతో కొంత నీరు వెనక్కి పోతుంది. లోపలి గోడ కూడా ఇటుకదే అయితే కాస్త తడిసినా ఓర్చుకుంటుంది. కలప ఇంట్లో మాత్రం ఆ నీరు చేరేది బరువు మోసే చెక్కకు. అందుచేత బయటి పొర వెనుక నీరు దాటలేని ఎడం ఉండాలి, జారిన నీరు అడుగున బయటికి పోయే దారి ఉండాలి, మిగిలిన నెమ్మును ఆరబెట్టడానికి కొంత గాలి ఆడాలి.

ఇక కొలతల మాట. రెండు తలాల మధ్య నీరు అంటుకొని నిలవకుండా ఉండటానికి సుమారు 10 మి.మీ. ఎడం చాలు. కెనడా జాతీయ నియమావళి తడి ఎక్కువగా ఉండే ప్రాంతాలకు కోరే కనీస సందు కూడా 10 మి.మీ. న్యూజిలాండ్‌లో 20 మి.మీ. రీపర్ల (సన్నని చెక్క కడ్డీల) మీద తాపడం బిగిస్తారు. అమెరికా నివాస గృహాల నియమావళి ఇటుక తాపడం వెనుక కనీసం 25 మి.మీ. అడుగుతుంది. బ్రిటన్‌లో కొత్త ఇళ్లకు పూచీ ఇచ్చే ఎన్‌హెచ్‌బీసీ ప్రమాణాలు కలప చట్రం ముందు ఇటుక కడితే 50 మి.మీ. ఉండాలంటాయి. చూడటానికి తలో మాట అన్నట్టు ఉంటుంది గానీ, నా అవగాహనలో వీటి మధ్య వైరుధ్యం లేదు. నీటి స్వభావానికి 10 మి.మీ. సరిపోతుంది, దానిపైన కలిపినదంతా చేతి పనిలో వచ్చే హెచ్చుతగ్గులకు వదిలిన చోటు. రీపరు కొలత రంపంతో కోసినది, అది 25 అంటే 25గానే ఉంటుంది. తడి మాలుతో వరుస మీద వరుస పేర్చే ఇటుక గోడ అంత కచ్చితంగా రాదు, దాని వెనుక నుంచి మాలు కూడా ఉబ్బి బయటికి వస్తుంది. మీ పటాలలో కొలతలు మారడానికి కారణం ఇదే.

ఈ నియమాల వెనుక ఎన్నో కుటుంబాల నష్టం ఉందని కూడా చెప్పాలి. కెనడాలోని వాంకూవర్ పరిసరాలలో 1980లలో, 1990లలో కలప చట్రాల మీద సందు లేకుండా స్టక్కో అనే సిమెంటు పూత పూసి కట్టిన అపార్ట్‌మెంట్లు పెద్ద సంఖ్యలో లోలోపల కుళ్లిపోయాయి. 1998లో బారెట్ కమిషన్ దీనిపై విచారణ జరిపింది. దాదాపు అదే కాలంలో న్యూజిలాండ్‌లో మందు పట్టించని పైన్ కలప చట్రాలకు పూత పలకలను నేరుగా బిగించడం వాడుకైంది. అక్కడ 2009లో వేసిన అంచనా ప్రకారం దెబ్బతిన్న ఇళ్లు సుమారు 42,000. రెండు చోట్లా ఇళ్లు కట్టినవారు పొర వేయకుండా వదిలేయలేదు. ఏ పూతా ఎప్పటికీ పగలదన్న నమ్మకంతో, లోపలికి వచ్చిన నీరు బయటికి పోయే దారి ఉంచలేదు. మీకు ఇప్పుడు ప్యానెళ్లు అమ్మేవారు చెప్పిన పద్ధతి కూడా అలాంటిదే కాబట్టి దీన్ని ఇంతగా చెబుతున్నాను.

జవాబు 2

పై సమాధానంతో ఏకీభవిస్తూ ప్యానెల్ గురించి మాత్రం మరికొంత చెప్పాలి. ప్యానెల్ నిండుగా ఉంటుంది కాబట్టి సందు అక్కరలేదన్న వాదన వినడానికి సబబుగానే తోస్తుంది. లెక్క వేసి చూస్తే మాత్రం ప్యానెల్‌కే సందు ఎక్కువ అవసరం.

ప్యానెల్ బయటి ముఖం సుమారు 11 నుంచి 15 మి.మీ. మందం ఉండే ఓఎస్‌బీ పలక. దాని వెనుక ఉన్నది థర్మోకోల్ జాతి నురుగో, పాలీయురేథేన్ నురుగో. ఆ పలక తడిసిందనుకోండి. నురుగు గుండా తేమ లోపలివైపుకు దాదాపుగా పోలేదు. దూది వంటి ఖనిజ ఉన్ని నింపిన కలప చట్రంలో అయితే తేమ గోడ లోతులోకి కొంత సర్దుకుని, నెమ్మదిగానైనా పలుచబడే వీలుంటుంది. ప్యానెల్ పలకకు మిగిలింది బయటి దిక్కు ఒక్కటే. ఆ దిక్కున కూడా తాపడాన్ని నేరుగా ఆనించి బిగిస్తే పలక రెండు మూతల మధ్య ఇరుక్కుపోతుంది. కలపలో తేమ 20 శాతం లోపు ఉన్నంతవరకు భయం లేదు; చాలాకాలం 28 శాతం దాటి ఉంటే కుళ్లు తెచ్చే బూజు పనిచేయడం మొదలవుతుంది. పైగా ప్యానెల్ గోడలో బరువు మోసేది ఈ పలకే. కలప చట్రంలో పలక కుళ్లినా నిలువు దుంగలు కొంతకాలం నిలబడతాయి. ఇక్కడ పలకే గోడ.

తడి బయటి నుంచే రావాలని కూడా లేదు. ప్యానెళ్ల అతుకుల గుండా గదిలోని వెచ్చని గాలి బయటికి కారుతూ ఉంటే, అందులోని ఆవిరి చల్లగా ఉన్న బయటి పలక అంచు దగ్గర నీరుగా మారుతుంది. అలాస్కాలోని జునో పట్టణంలో ప్యానెళ్లతో వేసిన పైకప్పుల అతుకుల వెంబడి పై పలక కుళ్లిన సంగతి 2000ల మొదట్లో బయటపడింది, అక్కడ కారణం ఇదే. అందుకని ప్యానెల్ ఎంచుకుంటే, ప్రతి అతుకులో నురుగు పట్టించి లోపలివైపు టేపు వేయడం ఒక పని, బయటివైపు గాలి ఆడే సందు ఉంచడం రెండో పని. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు. ప్యానెల్ మీద చుట్టే పొర కూడా ఆవిరిని బయటికి పోనిచ్చే బ్రీదర్ పొర అయి ఉండాలి. పై వరుస కింది వరుస మీదికి కనీసం 100 మి.మీ. దిగాలి, నిలువు అతుకుల దగ్గర 150 మి.మీ. ఒకదాని మీద ఒకటి పడాలి. పైకప్పు పెంకుల మాదిరిగా ఎప్పుడూ పైది కిందిదాని మీదికే రావాలి. ఈ క్రమం తిరగబడితే ఎంత మంచి పొర తెచ్చినా నీటిని దాని వెనక్కే పోస్తుంది.

ఇన్సులేషన్ కూరడం గురించి నా సమాధానం వద్దనే. ఇటుక లోపలి ముఖం తడుస్తుందని ఒప్పుకున్నాక, ఆ తడి ముఖానికీ చెక్కకూ మధ్య వంతెన కట్టినట్టే అవుతుంది. బ్రిటన్‌లో కలప చట్రం ఇళ్ల కావిటీలో ఇన్సులేషన్ ఊదించవద్దని గట్టిగా చెప్పేది అందుకే. ఇల్లు మరింత వెచ్చగా ఉండాలంటే ప్యానెల్ మందం పెంచండి, లేదా జిప్సం బోర్డు వెనుక ఉన్న లోపలి సందులో ఇన్సులేషన్ వేయండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్యానెల్ పలక ఒక్క దిక్కుకే ఆరగలదన్న మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మరో రెండు సందేహాలు వచ్చాయి. మొదటిది, ఇటుక వెనుక 25 మి.మీ. కూడా అమెరికాలో చెల్లుతుందంటున్నారు కాబట్టి, పునాది వెడల్పు తగ్గించుకోవడానికి దానితో సరిపెట్టుకోవచ్చా? రెండవది, కింద 50 మి.మీ. సందు, పైన 25 మి.మీ. సందు కలిసే చోట, అంటే ఇటుక ముగిసి పలకలు మొదలయ్యే మట్టం దగ్గర ఏం చేయాలి? పటంలో అక్కడ గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏమీ అర్థం కావడం లేదు.

జవాబు 3

నేను చాలా ఏళ్లుగా కలప చట్రాల ఇళ్లకు బయటి ఇటుక పని చేయిస్తున్నాను. 25 మి.మీ. గురించి నా అనుభవం చెబుతాను. కాగితం మీద అది చెల్లుతుంది. కట్టేటప్పుడు మేస్త్రీ వేళ్లు ఆ సందులో దూరవు, వెనుక ఉబ్బిన మాలును తాపీతో గీకి తీయలేడు. అలా ఉబ్బిన ముద్ద 15 మి.మీ. ముందుకొచ్చి, చట్రం నిలువులో ఏ 8 మి.మీ. తేడా ఉంటే అక్కడ సందు మూసుకుపోయినట్టే. కిందపడిన మాలు సందు అడుగున పేరుకుని నీరు పోయే కన్నాలను మూసేసిన గోడలను నేను విప్పించాను. అడుగు దుంగ వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా అయింది. 50 మి.మీ. వదిలితే ప్రతి వరుసకూ వెనుక శుభ్రం చేసుకునే వీలుంటుంది. పునాదిలో మిగిలే ఆ 25 మి.మీ. కోసం ఈ వీలును వదులుకోవద్దని నా గట్టి సలహా.

సందు అడుగు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. చట్రం కింది దుంగ బయటి నేల మట్టానికి కనీసం 150 మి.మీ. పైన ఉండాలి. సందు ఆ దుంగ దగ్గరే ఆగిపోకుండా మరో 150 మి.మీ. కిందికి దిగాలి, అప్పుడు పొరపాటున కొంత మాలు పడినా చెక్కదాకా పేరుకోదు. ఇటుకల నిలువు అతుకులలో కొన్నింటిని మాలు లేకుండా వదిలి నీరు పోయే కన్నాలుగా ఉంచాలి, వాటి మధ్య దూరం 1.5 మీటర్లు దాటకూడదు. అలాంటివే గోడ పై అంచున కూడా ఉంటే గాలి కింద చేరి పైన పోతుంది. ఇటుకను చట్రానికి పట్టి ఉంచే లోహపు కట్లు, అంటే వాల్ టైలు, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి, అవి బయటికి కొద్దిగా వాలి ఉండాలి, లోపలికి వాలితే నీటిని చెక్క మీదికి నడిపిస్తాయి. కలప చట్రంలో వాటిని నిలువు దుంగలకే బిగించాలి గానీ మధ్యలోని పలకకు కాదు. ప్యానెల్‌కు నిలువు దుంగలు ఉండవు కాబట్టి, పలకలోకి ఏ స్క్రూలతో, ఎంత దగ్గర దగ్గరగా బిగించాలో ప్యానెల్ తయారుచేసినవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక మీ రెండో సందేహం. అక్కడ సందుతో పాటు కదలిక కూడా లెక్కలోకి వస్తుంది. కలప ఆరేకొద్దీ అడ్డంగా కుంగుతుంది, నిలువు పొడవులో దాదాపు కుంగదు. తేమ ప్రతి 4 శాతం తగ్గినప్పుడు అడ్డు కొలతలో సుమారు 1 శాతం తగ్గుతుందని పనిలో లెక్క వేసుకుంటాం. ఒక అంతస్తుకు 225 మి.మీ. లోతు దూలం, దానికి పైనా కిందా అడ్డంగా పడుకోబెట్టిన 38 మి.మీ. దుంగలు నాలుగు ఉన్నాయనుకుంటే మొత్తం 377 మి.మీ. అడ్డు కలప. అది 20 శాతం తేమ నుంచి 12 శాతానికి ఆరితే 2 శాతం, అంటే ఏడున్నర మి.మీ. ఇల్లు కిందికి దిగుతుంది. పక్కనున్న ఇటుక గోడ దిగదు. ప్యానెల్ ఇళ్లలో గోడ పలక కుంగదు గానీ దూలాలు, అడ్డు దుంగలు మామూలు కలపవే అయితే అక్కడా ఇదే సంగతి.

అందువల్ల పై అంతస్తు పలకల కింది అంచు ఇటుక గోడ తలమీద ఆని ఉండకూడదు. చట్రానికి ఒక ఫ్లాషింగ్ రేకు బిగించి, దాని పై అంచును బ్రీదర్ పొర కిందికి దూర్చి, కింది అంచును ఇటుక తల దాటి బయటికి వంచాలి. పలకల వెనుక సందులో జారే నీరు ఆ రేకు మీదుగా బయటికి పడుతుంది, ఇటుక వెనుక సందులోకి దిగదు. రేకుకూ ఇటుక తలకూ మధ్య 12 నుంచి 15 మి.మీ. ఎడం వదలండి, ఇల్లు దిగినా అది నలగదు, ఇటుక వెనుక గాలి కూడా ఆ దారినే బయటికి పోతుంది. కిటికీల కింద ఇటుక సిల్ దగ్గర, గోడను దాటి వచ్చే గొట్టాల దగ్గర కూడా ఇలాంటి ఎడమే వదలాలి. చట్రానికి బిగించిన కిటికీ దాని కిందున్న ఇటుక సిల్ మీద ఆనిపోయి చట్రం వంగిన సందర్భాలు ఉన్నాయి.

జవాబు 4

నీటి గురించి అన్నీ చెప్పారు, నిప్పు గురించి కూడా చెప్పుకోవాలి. కిందా పైనా తెరిచి, గాలి ఆడేలా ఉంచిన సందు మంటకు పొగగొట్టంలా పనిచేస్తుంది. ఒకవైపు చెక్క ఉన్న గోడలో మంట ఆ సందులోకి చొరబడితే బయటికి కనిపించకుండానే పైకప్పుదాకా పాకుతుంది. దీనికి అడ్డుగా సందులో అక్కడక్కడ మంట నిరోధకాలు పెట్టాలి. ఇంగ్లండ్‌లోని అప్రూవ్డ్ డాక్యుమెంట్ బి అనే అగ్ని భద్రత మార్గదర్శకం ప్రకారం సందు అంచుల దగ్గర, ప్రతి కిటికీ, తలుపు చుట్టూ ఇవి ఉండాలి. ఇల్లు మరో ఇంటికి ఆనుకుని ఉంటే రెండింటినీ విడదీసే గోడ కలిసే చోట కూడా ఉండాలి. వాటికి 30 నిమిషాలు మంటను దాటనివ్వని, 15 నిమిషాలు వేడిని ఆపే సామర్థ్యం కావాలి. ఇటుక వెనుక సందులో 38 మి.మీ. మందం చెక్కను గానీ, పాలిథీన్ తొడుగులో కుక్కిన ఖనిజ ఉన్నిని గానీ ఇందుకు వాడవచ్చు.

నిలువుగా పెట్టిన నిరోధకం నీటికి అడ్డురాదు. అడ్డంగా పెట్టినది నీటిని పట్టి నిలబెడుతుంది కాబట్టి, దాని మీద బయటికి వాలేలా డీపీసీ (నెమ్మును ఆపే పొర) పరిచి, సరిగ్గా దాని పై వరుసలో నీటి కన్నాలు పెట్టాలి. ఇవి చెక్కకూ ఇటుకకూ మధ్య వదులుగా ఉంటే ప్రయోజనం లేదు, బిగుతుగా నొక్కుకుని ఉండాలి. చెక్క పలకల వెనుక 25 మి.మీ. సందులో అయితే మామూలు రోజుల్లో తెరిచి ఉండి వేడి తగలగానే ఉబ్బి మూసుకునే పట్టీలు దొరుకుతాయి. ఇటుక ముగిసే మట్టం దగ్గర మీరు తప్పకుండా ఒకటి పెట్టాలి. అక్కడ రేకు ఒక్కటే ఉంటే కింది మంటకు పై సందులోకి దారి సులువవుతుంది. రేకు వెనుక, చట్రాన్ని ఆనుకుని ఈ ఉబ్బే రకం పట్టీనే బిగించమనండి, జవాబు 3లో చెప్పిన గాలి దారి మూసుకుపోదు.

రీపర్ల దిశ గురించి ఒక మాట కలుపుతాను. మీ పలకలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి రీపర్లు నిలువుగా ఉంటాయి, నీరు వాటి మధ్య నుంచి జారిపోతుంది. తరువాత మనసు మారి నిలువు పలకలు వేయాలనుకుంటే, వాటికి కావలసిన అడ్డ రీపర్లను గోడకు నేరుగా కొట్టనివ్వకండి. ముందు నిలువు రీపర్లు వేసి వాటి మీద అడ్డ రీపర్లు వేయాలి. సందుకు కిందా పైనా పురుగులు, ఎలుకలు దూరకుండా సన్నని జాలి బిగించడం మరచిపోవద్దు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. మీరు చెప్పినవన్నీ పటం గీసినవారి ముందు పెట్టి కూర్చున్నాం. ఇటుక వెనుక 50 మి.మీ. ఖాళీగానే ఉంటుంది, మేస్త్రీ గారికి కూడా కారణం చెప్పి ఒప్పించాను. పలకల వెనుక 25 మి.మీ. నిలువు రీపర్లు. ప్యానెల్ వైపే మొగ్గు చూపుతున్నాం గానీ, వాల్ టైల బిగింపు గురించి, పలకల వెనుక సందు గురించి తయారీదారు రాతపూర్వకంగా ఇచ్చాకే బయానా ఇస్తాం. ఇటుక ముగిసే చోటును విడిగా, పెద్ద కొలతలో మళ్లీ గీయమన్నాను. అందులో రేకు, దాని వెనుక మంట నిరోధకం, కింద 15 మి.మీ. ఎడం మూడూ వేర్వేరుగా కనిపించాలని కోరాను. ఆ పటం వచ్చాక ఇక్కడే పెడతాను, దయచేసి మరోసారి చూడగలరు.